కోరంగి ఓడకు టేకు ఎక్కడిది?

భద్రాచలం అడవి అంచున పుట్టిన నాకు సముద్రం మొదట పుస్తకంలోనే కనిపించింది. నండూరి రామమోహనరావు తెలుగు చేసిన స్టీవెన్సన్ నవల ‘కాంచనద్వీపం’లో. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లూ అలాగే ఊపేశాయి. ఆ ఓడ ఎవరు కట్టారో, కలప ఎక్కడిదో అడగాలని మాత్రం ఆ వయసులో తోచలేదు.

మునిగిపోయే ఓడ మీద పిల్లలకు చారిత్రక సాహస నవల రాయదలచిన మిత్రులు వస్తువు కోసం పరాయి తీరాలు వెతకనక్కరలేదు. 1839 నవంబరు 25న కోరంగిని ఉప్పెన ముంచింది. ఓడలు కట్టిన రేవు అది. బర్మాలో తెలుగు కూలీలకు ‘కోరంగీలు’ అన్న పేరు దాని వల్లనే వచ్చింది. ఆ దెబ్బ తర్వాత రేవు మళ్లీ కోలుకోలేదు.

కాని నవలను రేవులో మొదలుపెడితే సగం కథ పోతుందని నా అభిప్రాయం. ఎగువ గోదావరి అడవుల టేకు తెప్పలుగా పాపికొండల నడుమనుంచి దిగువకు దిగేది. అప్పటికి భద్రాచలం నిజాం ఏలుబడిలోనిది. 1860లోగాని ఇంగ్లీషువాళ్ల చేతికి రాలేదు. ఆ ఏటి ఒప్పందంలో గోదావరి రవాణాపై సుంకాలు ఉండరాదని రాసుకున్నారంటే, అంతకుముందు తెప్పవాడి బాధ ఊహించుకోవచ్చు. చెట్టు కొట్టిన కోయ గొడ్డలిని వదిలేసి ఓడను వర్ణించడమంటే శ్రమను దాచి సరుకును చూపడమే. మన రాజకుమారుల కథలు చేసిందీ అదే.

రెండు జాగ్రత్తలు. ఉప్పెనలో 20 వేల ఓడలు, 3 లక్షల ప్రాణాలు పోయాయని పుస్తకం తర్వాత పుస్తకం ఎత్తి రాస్తున్నది. ఆ చిన్న రేవులో 20 వేల ఓడలు నిలిచే చోటేది? ఒక్క ఓడ, దాని సరంగు, పేరున్న పదిమంది కళాసీలు చాలు. పిల్లవాడు వాళ్లకోసం ఏడుస్తాడు, అంకెకోసం ఏడవడు. ఇక పాత్రలచేత ‘సైక్లోన్’ అనిపించకండి. కలకత్తాలో పిడింగ్టన్ ఆ మాట పుట్టించింది 1848లో. మన వాళ్లకు గాలివాన, ఉప్పెన ఉండనే ఉన్నాయి.

తెప్పతో దిగిన పన్నెండేళ్ల కోయ కుర్రాడు బతికాడనుకుందాం. తెప్ప దిగువకే పోతుంది, ఎగువకు రాదు. వాడు నడిచే రావాలి. నేనైతే నవలలో సగం ఆ నడకకే ఇస్తాను.