కలిపే చోట 50 బైట్ల లెక్క

సర్వర్లన్నీ వర్చువల్ మెషీన్లుగా మారిపోయిన ఆఫీసులోనూ పాత డేటాబేస్ యంత్రం ఒకటి విడిగా మిగిలిపోతుంది. దాని ఐపీ అడ్రస్ మార్చడానికి ఎవరూ ఒప్పుకోరు. వర్చువల్ నెట్‌వర్క్‌ను బయటి లాన్‌తో కలపాల్సిన అవసరం ఎక్కువగా ఇలాంటి చోటే వస్తుంది.

బయటి లాన్‌లో విభాగాలను వీలాన్ నంబర్లతో గుర్తిస్తారు. 1998లో వచ్చిన 802.1క్యూ ప్రమాణం ఆ నంబరుకు 12 బిట్లే ఇచ్చింది. అంటే మొత్తం 4,096. మొదటిదీ చివరిదీ వాడకూడదు కనుక 4,094 మిగులుతాయి. ఒక ఆఫీసుకు ఇవి ఎక్కువే, వేలమంది కస్టమర్లున్న క్లౌడ్‌కు చాలవు. అందుకే వర్చువల్ నెట్‌వర్క్‌లోకి వీఎక్స్‌లాన్ వచ్చింది. 2014 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 7348గా వెలువడిన ఈ పద్ధతి ఫ్రేమ్‌కు మరో ప్యాకెట్‌ను తొడుగుగా వేస్తుంది. ఇందులో విభాగం నంబరుకు 24 బిట్లు, అంటే 1,67,77,216 విభాగాలు.

యంత్రం అడ్రస్ మార్చకుండా రెంటినీ కలిపేది బ్రిడ్జి. ఉదాహరణకు లోపలి 5001వ విభాగాన్ని బయటి 20వ వీలాన్‌కు జతచేస్తాం. లోపలి నుంచి వచ్చిన ఫ్రేమ్‌పై వీఎక్స్‌లాన్ తొడుగు విప్పి, 20 ట్యాగ్ తగిలించి లాన్‌లోకి వదలడమే దాని పని. ట్యాగ్ బరువు 4 బైట్లే.

తొడుగు మాత్రం అంత తేలిక కాదు. ఈథర్‌నెట్ హెడర్ 14, ఐపీ 20, యూడీపీ 8, వీఎక్స్‌లాన్ 8, వెరసి 50 బైట్లు. కవరును మరో కవరులో పెడితే పోస్టుపెట్టె సందు చాలనట్టే, 1500 బైట్ల ప్యాకెట్ 1550 అయి, 1500 పరిమితి ఉన్న స్విచ్ దగ్గర రాలిపోతుంది. తొడుగు వేసే యంత్రం ప్యాకెట్‌ను ముక్కలు చేయకూడదని ఆర్‌ఎఫ్‌సీ నిషేధం కూడా ఉంది. తమాషా ఏమిటంటే, లినక్స్‌లో మామూలు పింగ్ 84 బైట్లే కాబట్టి హాయిగా వెళ్లి వస్తుంది. లాగిన్ కూడా అవుతుంది. పెద్ద ఫైలు పంపగానే అంతా ఆగిపోతుంది. గంటల తరబడి ఫైర్‌వాల్‌ను అనుమానించేవాళ్లు ఎందరో! ముక్కలు చేయొద్దన్న షరతుతో 1472 బైట్ల డేటా పెట్టి పింగ్ చేస్తే నిమిషంలో తేలుతుంది. ఐపీ, ఐసీఎంపీ హెడర్ల 28 కలిపితే అది సరిగ్గా 1500. పోకపోతే మధ్య దారి పరిమితిని 1600కు పెంచాలి, లేదా వర్చువల్ మెషీన్లలో 1450కి తగ్గించాలి. నా మొగ్గు మొదటి దానికే. మెషీన్లు పదులకొద్దీ ఉంటాయి, ఏదో ఒకదాన్ని మరిచిపోతాం.

ఇక లూప్. ఒకే జతకు రెండు బ్రిడ్జిలు ఏకకాలంలో పనిచేస్తే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ వాటి మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఐపీ ప్యాకెట్ ఎంత తిరిగినా 255 రూటర్లు దాటేలోపు చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు అలాంటి ఆయువు లెక్క లేదు. రెండో బ్రిడ్జిని పెట్టుకోండి, కానీ మొదటిది పడిపోయినప్పుడే అది లేవాలి.

అడ్రస్ మార్చడానికి వీలున్న యంత్రమైతే మాత్రం బ్రిడ్జి జోలికే పోకండి. రూటర్ ద్వారానే కలపండి.