గోదాము యజమానిది... తాళం రైతుది!

గోదాము అద్దెకు తీసుకుని మిరప బస్తాలు వేసిన రైతుకు ఇంకో గది కావాల్సి వచ్చింది. యజమాని పక్క గది తెరిచి ఇచ్చాడు. రైతు ముందు లోపలికెళ్లి చూసుకుంటాడు. సొంత తాళం వేసుకుంటాడు. ఆ తర్వాతే బస్తా దించుతాడు. సరిగ్గా ఇలాంటి జాగ్రత్తే కంప్యూటర్లకూ అవసరమైంది.

ఇప్పుడు ఎన్నో సంస్థలు సొంత కంప్యూటర్లకు బదులు పెద్ద కేంద్రాల్లోని యంత్రాలను అద్దెకు వాడుకుంటున్నాయి. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాద్‌లో ఇలాంటి కేంద్రాలు ప్రారంభించింది. ఒక్కో యంత్రాన్ని అనేకమంది అద్దెదారులు పంచుకుంటారు. పని పెరిగితే యంత్రం ఆపకుండానే అదనపు మెమరీ ఇవ్వొచ్చు. దీన్నే 'మెమరీ హాట్‌ప్లగ్' అంటారు.

యజమాని చూసినా అర్థం కాదు

యంత్రం సొంతదారు అద్దెదారు మెమరీలోకి తొంగిచూస్తే ఎలా? ఈ భయం తీర్చడానికి ఏఎండీ కంపెనీ 'ఎస్‌ఈవీ-ఎస్‌ఎన్‌పీ', ఇంటెల్ కంపెనీ 'టీడీఎక్స్' అనే ఏర్పాట్లు తెచ్చాయి. మెమరీలోని సమాచారమంతా రహస్య లిపిలోకి మారిపోతుంది. దాని తాళంచెవి చిప్పు లోపలే ఉంటుంది.

అయితే ఒక షరతు ఉంది. కంప్యూటరు పనులన్నీ చక్కబెట్టే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. యజమాని ఇచ్చిన ప్రతి మెమరీ ముక్కనూ అద్దెదారు కెర్నెల్ 'స్వీకరించాను' అని చిప్పుకు చెప్పాలి. ముక్క కనీస పరిమాణం 4,096 బైట్లు. చెప్పకుండా వాడబోతే అద్దెదారు పని అక్కడికక్కడే ఆగిపోతుంది.

రెండోసారి సంతకంతోనే ముప్పు

పోనీ, ఒకటికి రెండుసార్లు స్వీకరిస్తే? ప్రమాదం అక్కడే ఉంది. యజమాని సరకున్న గదిని తప్పించి, అదే నంబరుతో ఖాళీ గది పెట్టాడనుకుందాం. అద్దెదారు గుడ్డిగా మళ్లీ సంతకం చేస్తే మోసం బయటపడదు. అందుకే ఏ ముక్కను స్వీకరించిందీ కెర్నెల్ లెక్క రాసుకోవాలి.

2023 ఆగస్టులో విడుదలైన లినక్స్ 6.5 కెర్నెల్‌లో ఈ లెక్కకు ఒక పట్టిక వచ్చింది. అది యంత్రం మొదలైనప్పుడు ఉన్న మెమరీకే సరిపోయేలా తయారైంది. మధ్యలో వచ్చిన మెమరీ ఆ హద్దు బయట ఉంటుంది. కాబట్టి దాన్ని చేర్చుకునేటప్పుడే స్వీకరించాలి. తిరిగి ఇచ్చేటప్పుడు లెక్కలోంచి కొట్టేయాలి. ఏది మరిచినా చిక్కే.

ఈ తతంగమేదీ ఖాతాదారు కంటికి కనిపించదు. కానీ అద్దె యంత్రంలో ఉన్న అతని లెక్క పరాయివాళ్ల చేతిలో పడకూడదంటే, కొత్త గదికీ పాత గదికి వేసినంత గట్టి తాళం పడాల్సిందే.