చెత్త మోసిన చేతుల నాయకత్వం

పార్లమెంటులో యువకులెందరని లెక్కించే రాజధాని, యువనాయకత్వం ఎక్కడ తయారవుతుందని విచారించడం అరుదు. దానికి సమాధానం ఒకప్పటి బొంబాయి మురికివాడలో ఉంది.

కోలార్ బంగారు గనుల ప్రాంతంనుంచి ఇరవయ్యేళ్ళు నిండకముందే బొంబాయి చేరిన జోకిన్ అర్పుతం, మాన్‌ఖుర్ద్‌లోని జనతా కాలనీలో వడ్రంగం చేసుకుంటూ బతికారు. అక్కడ చెత్త ఎత్తే దిక్కు లేదు. ఆయన కాలనీ పిల్లలను కూడగట్టి, ఆ చెత్తను మోయించి మునిసిపల్ కార్యాలయం ముందు పోయించారు. అధికారులు కదలక తప్పలేదు. సంఘటిత శక్తి ఏమిటో పిల్లలకు తెలిసివచ్చింది.

కాలనీ మాత్రం దక్కలేదు. భాభా అణు పరిశోధనా కేంద్రం కోసం, అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో దానిని నేలమట్టం చేసి ప్రజలను చీతా క్యాంపుకు తరలించారు. ఇళ్ళు కూలినా ఉద్యమం కూలలేదు. అర్పుతం నాయకత్వాన మురికివాడల వాసుల జాతీయ సమాఖ్య పలు నగరాలకు విస్తరించింది. 2000లో మెగసెసే బహుమానం, 2011లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2018లో కన్నుమూశారు.

1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, ఆపైన జనాభాగల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలన్నది. 21 ఏళ్ళకే పురపాలక సంఘాలకు పోటీచేసే అర్హత కల్పించింది. కమిటీల కూర్పును మాత్రం రాష్ట్రాలకు విడిచిపెట్టింది. వాటిలో మురికివాడల యువతకు చోటు కల్పించవలసిన బాధ్యత శాసనసభలదే. ఆ చోటు దొరకనినాడు, చెత్తగంపలే వారి వినతిపత్రాలవుతాయి.