చదివి మూసిన ఆరు నవలలు: మొహమాటం లేని మాట

మనవాళ్ళలో ఒకరికి నవల చదవమని ఇచ్చి, తిరిగి తీసుకునేటప్పుడు "ఎలా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "బాగుందండీ." ఇచ్చినవారి మనసు నొప్పించడమెందుకన్న మర్యాద కొంత, సగంలో వదిలేశామని చెప్పలేని మొహమాటం కొంత. భోజనానికి పిలిచిన ఇంట్లో పులుసులో ఉప్పెక్కువైందని ఎవరంటారు? కాని నవల పులుసు కాదు. అన్ని పుస్తకాలూ బాగున్నాయంటే ఏదీ చదవనక్కర లేదన్నట్టే. మంచిదానికీ చప్పదానికీ ఒకటే మార్కు వేస్తే కొత్తగా చదవబోయేవారికి దారి చూపేదెవరు?

అందుకని ఈ చలికాలంలో మేమిద్దరం చదివి పూర్తిచేసిన ఆరు నవలల గురించి ఉన్నదున్నట్టు రాస్తున్నాము. అత్లోన్‌లో డిసెంబరు నెలలో సాయంత్రం నాలుగు దాటగానే చీకటి పడుతుంది. షానన్ నది మీదినుంచి వచ్చే గాలికి బయటికి వెళ్ళబుద్ధి కాదు. చదువుకి అంతకన్న అనువైన కాలం లేదు. నాలుగు తెలుగు నవలలు ఇండియానుంచి పెట్టెలో వచ్చాయి, పచ్చళ్ళ సీసాలతో బరువుకి పోటీపడి. రెండు ఇక్కడివారు రాసినవి, ఊరి లైబ్రరీలో తెచ్చుకున్నాము. ఒకే ప్రతిని వంతులవారీగా చదివాము కాబట్టి, ఇద్దరికీ అభిప్రాయం కుదరనిచోట ఆ సంగతీ చెప్తాము.

మొదట "బారిష్టరు పార్వతీశం." మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ఈ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఎవరితోనూ చెప్పకుండా సీమకి బయలుదేరి, దారిలో దొరసానుల టోపీ కొనుక్కుని నవ్వులపాలవడం తెలుగు చదివినవారిలో తెలియనివారుండరు. దేశం విడిచి వచ్చిన మనకి ఈ నవ్వు రెండింతలు. మొదటిసారి విమానాశ్రయంలో మెట్లు వాటంతటవే కదులుతుంటే కాలు పెట్టడానికి జంకినవారు మనలో ఎందరు లేరు? పార్వతీశం తెలివితక్కువవాడు కాడు. తెలియని చోటికి వెళ్ళినవాడు, అంతే. రచయిత అతన్ని వెక్కిరించకుండా మనచేత నవ్వించడమే గొప్ప. అయితే తరువాతి భాగాల్లో, అతను స్వదేశానికి వచ్చి పెద్దమనిషి అయినకొద్దీ, కథ బరువెక్కింది. నవ్వించేవాడు బుద్ధిమంతుడైతే మిగిలేది బుద్ధే. మొదటి భాగం చదివి అక్కడ ఆగినవారు నష్టపోరని మా అభిప్రాయం.

రెండోది యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ." 1976లో సినిమాగా కూడా వచ్చింది. దీని గురించి కఠినంగా మాట్లాడితే మన సంఘంలో సగంమంది అక్కయ్యలకు, పిన్నిగార్లకు కోపం రావచ్చు. అయినా చెప్పాలి. జయంతి ఉద్యోగం చేసుకుని బతకాలనుకున్న ఆత్మాభిమానం గల పిల్ల. ఆ రోజుల్లో అలాంటి పిల్లని కథానాయికగా నిలబెట్టి, ఆ పాత్రతో లక్షలమంది ఆడవారికి నవల చదివే అలవాటు చేయడం చిన్న పని కాదు. ఆ గౌరవం ఆవిడకి ఇచ్చి తీరాలి. కాని రాజశేఖరం దగ్గరకి వచ్చేసరికి డబ్బు, కారు, మేడ కలిసి అన్ని ప్రశ్నలకూ సమాధానం చెప్పేస్తాయి. జయంతి అభిమానం అతనితో దెబ్బలాటకు పనికివచ్చింది గాని, జీవితం మార్చుకోవడానికి పనికిరాలేదు. మాలో ఒకరు "పదహారేళ్ళప్పుడు చదివినంత తియ్యగానూ ఉంది" అన్నారు. ఇంకొకరు "అదే దాని లోపం, ఇన్నేళ్ళయినా మనతో పాటు పెరగలేదు" అన్నారు. ఇద్దరమూ రాజీకి రాలేదు.

దాని వెంటనే "కొండపొలం" తీయడం ఏసీ రైలు దిగి ఎడ్లబండి ఎక్కినట్టయింది. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి ఈ నవలకి 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది. 2021లో సినిమా కూడా తీశారు. కరువుకాలంలో గొర్రెలకి నీళ్ళూ మేతా లేక, కాపరులు మందల్ని నల్లమల అడవిలోకి తోలుకుపోయి వారాల తరబడి అక్కడే గడపడాన్ని కొండపొలం అంటారు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రవాడొకడు వారితో అడవికి వెళ్తాడు. పెద్దపులి భయం, దాహం, రాళ్ళు, రాత్రి కాపలా, వీటి మధ్య అతనికి ఏ కాలేజీ ఇవ్వని ధైర్యం వస్తుంది.

ఇందులోని మాట రాయలసీమ మాట. కోస్తావారికి మొదటి ఇరవై పేజీలు కాస్త కష్టం. పక్కన సీమవారెవరైనా ఉంటే అడిగి చదవండి, సిగ్గేమీ లేదు. నడుమ కొన్ని రోజుల నడక ఒకటే మాదిరిగా సాగి విసుగు పుట్టించిన మాట నిజం. కాని మనం తినే మాంసం, కప్పుకునే గొంగడి వెనక ఇంత నడక ఉందని తెలియజేసిన నవల ఇంకొకటి మేము చదవలేదు. ఇక్కడ అత్లోన్ చుట్టుపక్కల కంచెల్లో తడిసిన పచ్చగడ్డి మేస్తూ కనపడే గొర్రెల్ని, ఈ పుస్తకం చదివాక చూసే చూపు మారింది.

ఇక మన ఊరి నవల. అత్లోన్‌లో ఏళ్ళ తరబడి ఉన్నవారిలో కూడా, ఈ ఊళ్ళో పుట్టిన నవలా రచయిత ఒకాయన ఉన్నాడని తెలిసినవారు తక్కువ. గాయకుడు జాన్ మెకార్మక్ పేరు అందరికీ తెలుసు. రచయిత జాన్ బ్రాడెరిక్ 1924లో ఇక్కడ పుట్టాడు. ఊళ్ళో పేరున్న బేకరీ కుటుంబం. ఆయన మొదటి నవల "ది పిల్‌గ్రిమేజ్," అంటే తీర్థయాత్ర, 1961లో వచ్చింది. వచ్చిన వెంటనే ఐర్లండులో నిషేధించారు. ఇక్కడ 1929 చట్టం కింద పుస్తకాలను పరీక్షించే బోర్డు ఒకటి ఉండేది. ఎడ్నా ఓబ్రయన్ "ది కంట్రీ గర్ల్స్" 1960లోనూ, జాన్ మెగాహర్న్ "ది డార్క్" 1965లోనూ ఆ బోర్డు చేతికే చిక్కాయి. 1967లో చట్టం మార్చి, నిషేధం పన్నెండేళ్ళకి దానంతటదే తొలగిపోయేలా చేశారు. దానితో వేల పుస్తకాలు ఒక్కసారిగా విడుదలయ్యాయి.

అంత ప్రమాదకరమైన సంగతి ఏముంది ఆ నవలలో? మధ్య ఐర్లండు పట్నం. కీళ్ళజబ్బుతో మంచం పట్టిన ధనికుడైన భర్త, అతని భార్య జూలియా. పైకి పరువైన ఇల్లు. ప్రతివారూ ఆదివారం గుడికి వెళ్ళేవారే. లోపల ఆ భార్యకీ, భర్తకీ కూడా ఎవరికీ చెప్పుకోలేని కోరికలు. ఇంతలో ఆకాశరామన్న ఉత్తరాలు రావడం మొదలవుతుంది. భర్త జబ్బు నయంకావాలని లూర్దుకి తీర్థయాత్ర తలపెడతారు. చివరి అధ్యాయం ఒక్కటంటే ఒక్క వాక్యం. అదేమిటో మేము చెప్పము. చదివినవారు రచయిత వెక్కిరిస్తున్నాడా, నమ్ముతున్నాడా అని ఒక వారం వాదించుకుంటారు. మేము ఇంకా వాదించుకుంటూనే ఉన్నాము.

లోపాలు లేవా? ఉన్నాయి. ఒక్కరిమీదా రచయితకి జాలి లేదు. ఆ ఊళ్ళో ఒక్క మంచి ముసలమ్మ అయినా ఉండదా అనిపిస్తుంది. చలిగా ఉన్న పుస్తకం. కాని అబద్ధం ఆడిన పుస్తకం కాదు. తరువాత కూడా ఆయన ఈ ప్రాంతం గురించే రాసి, 1981లో ఇంగ్లండులోని బాత్ నగరానికి వెళ్ళిపోయి, 1989లో అక్కడే పోయాడు. ఇప్పుడు అత్లోన్‌లో ఒక వీధికి ఆయన పేరుంది. బతికి ఉండగా పుస్తకాన్ని కొనుక్కోనివ్వని దేశంలో, పోయాక వీధికి పేరు! ఇలాంటి మర్యాద మన దేశానికీ కొత్త కాదు. చలంగారి పుస్తకాలు పరుపుకింద దాచుకుని చదివిన ఇళ్ళలోనే తరువాత ఆయన ఫోటోలు వెలిశాయి.

బ్రాడెరిక్ చదివాక మాకు వెంటనే గుర్తొచ్చినది డాక్టరు పి. శ్రీదేవిగారి "కాలాతీత వ్యక్తులు." 1957-58లో "తెలుగు స్వతంత్ర"లో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ స్వయంగా వైద్యురాలు. 1961లో, ఇంకా చిన్నవయసులోనే పోయారు. 1963లో వచ్చిన "చదువుకున్న అమ్మాయిలు" సినిమాకి మూలం ఈ నవలే. కాని సినిమా చూసి నవల తెలుసుననుకుంటే పొరపాటు. ఇక్కడ మన కుటుంబాల్లో చాలామంది డాక్టర్లే కనక ఈ పుస్తకం ప్రతి ఇంట్లో ఉండవలసినది. ఎందుకంటే ఇందులో ప్రకాశం అనే మెడికల్ విద్యార్థి ఉన్నాడు. చదువుంది, మంచితనముంది, ఎదురుగా ఉన్న ఆడపిల్లలపై దయ కూడా ఉంది. లేనిదల్లా ఇంట్లో పెద్దవారి ముందు నిలబడి ఒక మాట చెప్పే వెన్నెముక. అలాంటి ప్రకాశాలు మన బంధువర్గంలో ఒకరిద్దరు లేని ఇల్లు ఉందా?

అసలు నవల ఇందిరది. బాధ్యత లేని తండ్రిని తన జీతంతో పోషిస్తూ, తనకి కావలసినది తనే చేయిచాచి అందుకునే మనిషి. మంచిదా, చెడ్డదా అన్నదాని మీద మా ఇద్దరికీ పెద్ద పేచీ వచ్చింది. "స్వార్థం తప్ప ఏముంది ఆమెలో?" అని ఒకరు. "తండ్రి తాగుతూ కూర్చుంటే బియ్యం తెచ్చినది ఆ స్వార్థమే కదా" అని ఇంకొకరు. రచయిత్రి మాత్రం తీర్పు చెప్పలేదు. నచ్చనిది కూడా ఒకటుంది: కల్యాణిని కొన్నిచోట్ల మరీ కన్నీటితో తడిపారు. ఐనా ఇన్నేళ్ళ తరువాత ఇందిర గురించి మొగుడూపెళ్ళాలు దెబ్బలాడుకున్నారంటే ఆ పాత్ర బతికి ఉన్నట్టే.

ఆఖరిది క్లేర్ కీగన్ "స్మాల్ థింగ్స్ లైక్ దీజ్." 2021లో వచ్చింది, చాలా చిన్న పుస్తకం, ఒక ఆదివారం చాలు. 1985లో న్యూ రాస్ అనే ఊళ్ళో బొగ్గు అమ్ముకునే బిల్ ఫర్లాంగ్, భార్య, ఐదుగురు కూతుళ్ళు. క్రిస్మస్ ముందు కాన్వెంటుకి బొగ్గు వేయడానికి వెళ్ళి, బొగ్గు కొట్టులో తాళంపెట్టి ఉంచిన ఒక పిల్లని చూస్తాడు. ఊరందరికీ లోపల ఏం జరుగుతున్నదో కొద్దోగొప్పో తెలుసు. ఎవరూ మాట్లాడరు. "మనకెందుకు? మన ఆడపిల్లలు చదివేదీ ఆ సన్యాసినుల దగ్గరే కదా." ఈ మాట ఐరిష్ మాటంటారా? మన వీధి అరుగుమీది మాటలా లేదూ? మాగ్డలీన్ లాండ్రీలు అనే ఆ చాకిరీ ఇళ్ళలో ఆఖరిది మూతపడినది 1996లో. ప్రధానమంత్రి ఎండా కెన్నీ ప్రభుత్వం తరఫున పార్లమెంటులో క్షమాపణ చెప్పినది 2013 ఫిబ్రవరిలో. ఆరింటిలో మేము మొదటి స్థానం ఇచ్చేది దీనికే. ఒక్క మాట ఎక్కువ లేదు. ఒకే ఒక్క ఫిర్యాదు: సరిగ్గా కష్టం మొదలయ్యేచోట పుస్తకం ముగిసింది. ఆ పిల్లని ఇంటికి తీసుకొచ్చాక ఆ ఇల్లు ఏమైందో మనకి తెలియదు.

ఈ పుస్తకం మాకన్న ముందు మా పెద్దమ్మాయి చదివింది. చదివి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది: "వీళ్ళు తమ ఊరి తప్పు తామే రాసుకున్నారు. తెలుగులో ఇలాంటివి లేవా? మీరు చెప్పేవన్నీ పండగలూ అమ్మమ్మ ఊళ్ళేగా?" ఆ ప్రశ్నకి జవాబుగా "కాలాతీత వ్యక్తులు" రోజుకి రెండు మూడు పేజీల చొప్పున పైకి చదివి వినిపిస్తున్నాము, తనకి తెలుగు లిపి ఇంకా పట్టుబడలేదు కనక. ఇందిర తండ్రి మాట వచ్చినప్పుడల్లా "ఆయన్ని ఇంట్లోంచి పంపించేయదేం?" అని అడుగుతోంది. తెలుగు నవల గురించి మా ఇంట్లో ఇంత మాట ఎన్నడూ జరగలేదు.

ఇందుకే మొహమాటం వదలమంటున్నాము. పిల్లలకి మనం తియ్యటి పుస్తకాలే చేతికిచ్చి, వాటికి కూడా "బాగుంది" అన్న ఒక్క మాటే నేర్పితే, నిజం చెప్పే నవలలు ఇంగ్లీషులోనే ఉంటాయని వారు నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయం తప్పని చెప్పడానికి గోపీచంద్‌గారి "అసమర్థుని జీవయాత్ర" ఉంది, రావిశాస్త్రిగారి "అల్పజీవి" ఉంది. చెప్పేవారే కావాలి.

ఇంకొక సంగతి. రేపు మన పిల్లల్లోనో, మనలోనో ఒకరు మన ఇళ్ళ గురించే నవల రాస్తారు. ఆరునెలలకొకసారి ఊరు మారే ఉద్యోగాలు, వీసా గడువు ముగిసి తిరిగి వెళ్ళలేక వెళ్ళే అత్తగార్లు, పరీక్ష తప్పిన సంగతి స్వదేశానికి రాయని కొడుకులు, పైకి నవ్వుతూ లోపల మాటల్లేని దంపతులు, అన్నీ అందులో ఉంటాయి. అప్పుడు మనం దాన్ని చదువుతామా, లేక బ్రాడెరిక్‌కి జరిగినట్టు పోయాక వీధికి పేరు పెడతామా? అది ఇవాళ పక్కవారి నవల గురించి మనం ఎంత నిజం మాట్లాడతామన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఈ ఆరింటిలో నాలుగు తెలుగు పుస్తకాలూ ఎరువివ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటే షరతు. తిరిగి ఇచ్చేటప్పుడు "బాగుంది" అన్న మాట తప్ప ఇంకేదైనా చెప్పాలి.