సీసం వదిలిన గుండు

గోదావరి పాయల ఒడ్డున విసురు వల పట్టే ఇళ్లలో సీసం కరిగించడం వింతేమీ కాదు. వల అంచున ఊడిపోయిన గుళ్లకు బదులు కొత్తవి పోసుకోవాలంటే ఓ ఇనప గరిటె, కట్టెల పొయ్యి, కాస్త తుక్కు సీసం చాలు. 327 డిగ్రీల సెల్సియస్ వేడికే అది కరిగి పారుతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, కొలిమి లేనిదే అయ్యే పని కాదు. చేతి తుపాకీ గుండును ఇన్ని శతాబ్దాలుగా సీసంతోనే ఎందుకు పోశారన్న ప్రశ్నకు సగం జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది. మిగతా సగం బరువులో ఉంది. ఘన సెంటీమీటరు సీసం 11.34 గ్రాములు తూగుతుంది. అదే పరిమాణంలో రాగి 8.96 గ్రాములు, ఇనుము 7.87. చిన్న గుండులో ఎక్కువ బరువు ఇమిడితే గాలి దాని వేగాన్ని త్వరగా తగ్గించలేదు.

మన్యంలో నాటు తుపాకీ పట్టిన ప్రతివాడూ తన తూటా తానే కట్టుకున్నవాడే. మూతి నుంచి మందు పోసి, పీచు దట్టించి, సీసపు ముక్కలు వేసి, మళ్లీ దట్టించడమే పని. రైఫిల్‌కు అలా కుదరదు. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతికి బిగించిన గుండు, ఈ నాలుగూ కచ్చితమైన కొలతలతో ఉండాలి. 1922 ఆగస్టు 22 నుంచి 24 దాకా అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి, తుపాకులతో పాటు తూటాలనూ పట్టుకుపోవడంలోని తర్కం ఇదే. తూటాలు అయిపోతే రైఫిల్ ఉత్త కర్ర.

అమెరికా, యూరప్‌లలో ఎందరో వేటగాళ్లు కాల్చేసిన ఇత్తడి గుల్లలు ఏరుకొచ్చి, ఇంట్లోనే మళ్లీ తూటాలు కట్టుకుంటారు. అక్కడ అది చట్టం ఒప్పుకున్న వ్యాపకం. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం. కాబట్టి మనం చూడబోయేది తయారీ విధానం కాదు, దాని వెనకున్న భౌతికశాస్త్రం.

కొనుక్కుంటే దొరికేదానికి అంత తంటా ఎందుకు? ఒక లెక్క చూద్దాం. సెకనుకు 850 మీటర్ల వేగంతో బయల్దేరిన గుండు, గాలి నిరోధాన్ని పక్కన పెడితే, 300 మీటర్లు వెళ్లేసరికి దాదాపు 61 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. వేగం 860 అయితే ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ జారుతుంది. ఇది పెద్ద తేడాలా కనిపించదు. దూరాన్ని రెట్టింపు చేస్తే మాత్రం ఆ తేడా నాలుగు రెట్లయి ఆరు సెంటీమీటర్లకు చేరువవుతుంది. గాలిని కూడా లెక్కలోకి తెస్తే ఇంకా పెరుగుతుంది. గురి తప్పడమంటే చెయ్యి వణకడమే కాదు, ఒక తూటాకూ ఇంకో తూటాకూ వేగం కుదరకపోవడం కూడా. అందుకే ఇంట్లో తూటాలు కట్టుకునేవాళ్లు మందును గ్రెయిన్‌లో పదోవంతు దాకా తూచి పోస్తారు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. అందులో పదోవంతంటే మన కంసాలులు బంగారం తూచిన గురిగింజలో పంతొమ్మిదో వంతన్నమాట. గుల్లలో గుండును ఎంత లోతుకు దించాలన్నది కూడా ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోలా ఉంటుంది. ఆ ముచ్చట తీర్చుకోవడానికే చాలామంది తూటాలు కడతారని నా అనుమానం, వేట ఒక వంక మాత్రమే.

ఈ పనితనమంతా గుండు గమ్యం చేరేదాకానే. తగిలాక ఏం జరుగుతుందన్నదే అసలు కథ. మెత్తని మొన ఉన్న గుండు ఒంట్లోకి దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది, జంతువు ఎక్కువసేపు బాధపడకుండా పడిపోతుంది. ఇలాంటి గుండుకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది కలకత్తా పక్కనున్న డండం ఆయుధ కర్మాగారం. 1890లలో అక్కడ కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే తయారు చేయించిన గుండు ఎంత ఘోరమైనదంటే, 1899లో హేగ్ సమావేశం విచ్చుకునే గుండ్లను యుద్ధంలో వాడకూడదని ప్రకటించింది. వేటలో మాత్రం అదే పద్ధతి నిలిచిపోయింది.

విచ్చుకోవడంతో ఆగితే బాగుండేది. రైఫిల్ వేగంలో సీసం తునాతునకలవుతుంది కూడా. వేటాడిన జింకలకు ఎక్స్‌రే తీసినవాళ్లకు గాయం చుట్టూ ఇసుకంత సన్నని తునకలు వందల్లో కనిపించాయి, గుండు దారికి చాలా ఎడంగా కూడా. 2008లో అమెరికాలోని నార్త్ డకోటాలో పేదలకు దానంగా పంచే జింక మాంసం పొట్లాల్లో సీసం బయటపడి, వాటిని పంచొద్దని అధికారులు చెప్పాల్సి వచ్చింది.

సీసం మన ఒంట్లో క్యాల్షియం వేషం వేసుకుని తిరుగుతుంది. ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి దాక్కుంటుంది, నరాల మధ్య కబుర్లకు అడ్డు తగులుతుంది, రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారీలో ఒక ఎంజైమును పని చేయనివ్వదు. ఇంత వరకూ ఫరవాలేదని చెప్పదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

అయితే ఒకటి గమనించాలి. లోహంగా ఉన్న సీసం బురదలో పడితే పైన తెల్లటి పొర కట్టుకుని ఏళ్లపాటు దాదాపు కదలకుండా ఉంటుంది. ఆమ్లం నిండిన కడుపులో పడ్డప్పుడే అది గబగబా కరుగుతుంది. సీసం ఎంత పడిందన్నదానికన్నా ఎవరి కడుపులో పడిందన్నదే ముఖ్యం. ఈ ముక్క పట్టుకుంటే పక్షుల సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. బాతుకు పళ్లుండవు. గింజలు నూరుకోవడానికి చిన్న చిన్న రాళ్లు ఏరుకుని మింగి కందనకాయలో దాచుకుంటుంది. బురదలో పడిన సీసపు గుళ్లు దానికి రాళ్లలాగే కనిపిస్తాయి. కందనకాయ వాటిని రాపిడి పెడుతుంది, ఆమ్లం కరిగిస్తుంది, కొన్ని గుళ్లతోనే పక్షి ప్రాణం పోతుంది. రాబందుల దారి వేరు. వేటగాడు వదిలేసిన పేగుల్లోని తునకలు వాటికి తిండితో పాటే లోపలికి పోతాయి. 1982 నాటికి కాలిఫోర్నియా కాండర్ రాబందులు లోకంలో 22 మిగిలాయి. వాటిని పట్టి, పెంచి, మళ్లీ వదిలితే, వదిలినవాటిని ఎక్కువగా చంపింది సీసమే. అందుకే కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా ఆపేసింది. (మన రాబందులను తుడిచిపెట్టింది సీసం కాదు, పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు. రెండూ కలిపి చెప్పడం సరికాదు.)

మన నేల మీద కూడా సీసం తక్కువేం రాలలేదు. 1938 నవంబరు 12న భరత్‌పూర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కొట్టిందని అక్కడి శిలాఫలకమే చెబుతుంది. బాతుల వేట తూటాలో సుమారు 30 గ్రాముల సీసం గుళ్ల రూపంలో ఉంటుంది. ఏ ఒక్కటీ గురి తప్పలేదనుకున్నా 128 కిలోలు. అందులో పక్షి ఒంట్లో దిగేది నాలుగైదు గుళ్లు, మిగతావి నీళ్లపాలు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తర్వాత మన దేశంలో సరదా వేటకు తావు లేదు. పంట మీద పడే అడవి పందిని కొట్టాలన్నా అధికారి అనుమతి కావాలి. అల్లం శేషగిరిరావు వేట కథల లోకం ఇప్పుడు పుస్తకాల్లోనే. మరి మనకు ఈ సీసపు గుండు గొడవ ఎందుకంటారా? కొల్లేటికీ కోరింగకూ చలికాలంలో దిగే సూదితోక బాతుల్లో చాలావాటి పుట్టిల్లు సైబీరియా. అవి దాటొచ్చే దేశాల్లో ఇంకా బాతులను కాలుస్తున్నారు. అక్కడ తుపాకీలో ఏముందన్నది కొల్లేటి ఆటపాక చెట్ల కింద నిలబడి పక్షులను చూసేవాళ్లకూ పట్టే విషయమే. అమెరికా నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను 1991లో ఆపింది, డెన్మార్క్ అన్ని రకాల వేటలోనూ 1996లో ఆపింది. యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల్లో 2023 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. 2024 ఏప్రిల్‌లో డెన్మార్క్ ఇంకో అడుగు వేసి, వేటలో రైఫిల్ గుండులోనూ సీసం వద్దంది.

వద్దనడం తేలిక. సీసం స్థానంలో రాగిని పెడితే గుండు స్వభావమే మారిపోతుంది. రాగి తేలిక కాబట్టి అంతే బరువు తూగాలంటే గుండు దాదాపు నాలుగోవంతు పొడవు పెరగాలి. పొడవైన గుండు గాలిలో తల్లకిందులు కాకుండా ఉండాలంటే ఇంకా వేగంగా గిరగిరా తిరగాలి. ఆ తిప్పే పని బ్యారెల్ లోపలి మెలిక గాడులది. బ్రిటిష్ గణితవేత్త జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో చెప్పిన సూత్రం ఇప్పటికీ ఉజ్జాయింపుకు పనికొస్తుంది. దాని ప్రకారం 7.82 మిల్లీమీటర్ల లావు గుండు మూడు సెంటీమీటర్ల పొడవుంటే, గాడి సుమారు 30 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరిగితే సరిపోతుంది. పొడవు 3.7 సెంటీమీటర్లయితే 25కే ఒక చుట్టు కావాలి. బ్యారెల్ మార్చడం ఖర్చు. కాబట్టి తెలివైనవాడు బరువు తగ్గించి, పొట్టి రాగి గుండును ఎక్కువ వేగంతో పంపుతాడు. ఆ వేగం ఇంకో చోట కూడా అక్కరకొస్తుంది. రాగి గట్టిది, నెమ్మదిగా తగిలితే విచ్చుకోదు, సన్నని బెజ్జం చేసి అవతలికి పోతుంది, జంతువు గాయంతో పారిపోతుంది. అందుకే మొన దగ్గర బోలుగా తొలిచి, రేకుల్లా విడిపోయేలా చేస్తారు. రాగి గుండు బ్యారెల్‌ను ఎక్కువ ఒరుసుకుంటుంది కాబట్టి నడుం చుట్టూ గాడులు తీస్తారు. అమెరికాలో బార్న్స్ కంపెనీ 1980ల చివర్లో రాగి గుండును బజారుకు తెచ్చినప్పుడు వేటగాళ్లు పెదవి విరిచారు. గుండు మారితే మందు తూకం, లోతు, వేగం అన్నీ మళ్లీ కుదుర్చుకోవాలి మరి. ఇంట్లో తూటా కట్టుకునేవాడి ఓపిక ఇక్కడే పనికొచ్చింది. బాగా కుదిరిన రాగి గుండు జంతువులో తన బరువంతా దాదాపుగా నిలబెట్టుకుంటుంది, తునకలు రాల్చదు.

రాగి పుణ్యపురుషుడని కాదు. భీమవరం చెరువుల రైతులకు మైలుతుత్తం సంగతి తెలుసు. అది రాగి ఉప్పే, మోతాదు మించితే నాచుతో పాటు చేపలూ తేలతాయి. గట్టి రాగి ముక్క అలా కరగదు కాబట్టి గుండుగా దాని చేటు తక్కువ, అంతే.

ఇంతకీ మన వల మాటేమిటి? 1980లలో థేమ్స్ నది హంసలు గాలపు సీసాన్ని మింగి చనిపోతుంటే, బ్రిటన్ 1987లో చిన్న సీసపు గాలం గుళ్ల అమ్మకాన్ని ఆపింది, హంసలు మళ్లీ పెరిగాయి. ఇక్కడ గాలి లెక్క కాదు, నీటి లెక్క పనిచేస్తుంది. కిలో సీసం నీళ్లలో 912 గ్రాముల బరువుతో కిందికి లాగుతుంది. కిలో ఇనుము 873 గ్రాములతో లాగుతుంది. రైఫిల్‌ను అంత ఇబ్బంది పెట్టిన తేడా వల దగ్గరికొచ్చేసరికి నాలుగు శాతానికి పడిపోయింది. ఇనప గొలుసు కట్టిన వలలు ఇప్పటికే ఉన్నాయి, కాల్చిన మట్టి గుళ్లు అంతకన్నా పాతవి. ఇనుము ఉప్పునీటిలో తుప్పు పడుతుంది, గరుకెక్కి దారాన్ని కోస్తుంది. సీసం మెత్తగా ఉండి కొరకదు, పొయ్యి మీదే కరుగుతుంది, పాత బ్యాటరీ తుక్కుగా చవగ్గా దొరుకుతుంది. ఆ చివరిదే ఎక్కువ చేటు. పిల్లలు తిరిగే పెరట్లో బ్యాటరీ సీసం కరిగిస్తే వచ్చే పొగా, తెట్టూ, దుమ్మూ నదిలో పడిపోయిన గుళ్లకన్నా ముందు ఆ ఇంటివాళ్ల రక్తంలోకే చేరతాయి. లోకంలో 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం హద్దు దాటిందని, వారిలో 27 కోట్లకు పైగా మన దేశంలోనే ఉన్నారని 2020లో యూనిసెఫ్ అంచనా వేసింది. అందులో బ్యాటరీ తుక్కు వాటా పెద్దది. వల గుళ్లను ఇంట్లో పోసుకోకుండా, పోసినవి కొనుక్కున్నా ఆ వాటాలో కొంత తగ్గుతుంది. తుప్పు పట్టకుండా పూత వేసిన ఇనప గుళ్లు చవగ్గా దొరికిన రోజున సీసంతోనే పని ఉండదు.