తుపాకీ వీరుడు మళ్ళీ నేలమీద నడుస్తాడా?

“నువ్వు ఓడిపోతున్నావు కాబట్టే పాత ఆట బాగుందంటున్నావు మావయ్యా!”

మా అక్కకొడుకు ఈ మాట అనేసి చక్కా మళ్ళీ తెరలో మునిగిపోయాడు. వాడికి పదహారేళ్ళు. నాకు ముప్ఫై అయిదు. ఇద్దరం వంతులేసుకుని ఆడుతున్నది ‘కాల్ ఆఫ్ డ్యూటీ’. నేను గోడచాటున నక్కి, ఊపిరి బిగబట్టి, ఎవడైనా రాకపోతాడా అని చూస్తున్నాను. ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో ఓ ఆగంతకుడు... నేలమీద జారుకుంటూ వచ్చి, గోడనొక తన్ను తన్ని గాల్లోకి లేచి, ఆ గాల్లోనే వెనక్కి తిరిగి నన్ను కాల్చి పారేశాడు. నడుముకి రోపు కట్టి ఎగరేసినా మన హీరోలు ఇంత పని చెయ్యరు!

వాడన్న మాట నన్ను రెండ్రోజులు వదల్లేదు. ఎందుకంటే అందులో నిజం ఉంది. ఎంతుందన్నదే పేచీ.

ఈ ఆట సంగతి తెలియని పాఠకుల కోసం కాస్త ఫ్లాష్‌బాక్.

‘మెడల్ ఆఫ్ ఆనర్’ అనే ఆటకి పనిచేసిన కుర్రాళ్ళు కొందరు బయటికొచ్చి ‘ఇన్ఫినిటీ వార్డ్’ అని సొంత కుంపటి పెట్టుకున్నారు. యాక్టివిజన్ కంపెనీ అండగా నిలిచింది. 2003లో మొదటి ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ విడుదలైంది. రెండో ప్రపంచయుద్ధం కథ. అందులో దెబ్బ తగిలితే మందుపెట్టె వెతుక్కోవలసిందే. 2005లో వచ్చిన రెండో భాగంలో ఆ బాధ తీసేశారు. కాసేపు చాటున నిలబడితే గాయం దానంతటదే మానిపోతుంది. ఇక 2007 నవంబరులో వచ్చింది ‘మోడరన్ వార్‌ఫేర్’. పాత యుద్ధాన్ని పక్కన పెట్టి ఈ కాలపు యుద్ధంలోకి దిగారు. బాక్సాఫీసు బద్దలైంది.

అప్పుడు నేను విజయవాడలో ఇంటర్ వెలగబెడుతున్నాను. బెంజి సర్కిల్ దగ్గర ఓ సందులో నెట్ సెంటరు. ఎనిమిది కంప్యూటర్లు, గంటకి ఇరవై రూపాయలు. ఆ ఆట అసలు సీడీయేనా అని మాత్రం అడక్కండి. ఆ రోజుల్లో అడిగినవాళ్ళు లేరు! ‘క్రాష్’ అని ఒక మ్యాపు ఉండేది. నడివీధిలో కూలిపోయిన హెలికాప్టరు, ఆ పక్కన మూడంతస్తుల మేడ. ఆ మేడ ముందెక్కినవాడిదే రాజ్యం. చావకుండా వరసగా ముగ్గుర్ని పడగొడితే మన నిఘా విమానం వచ్చి శత్రువులెక్కడున్నారో చూపిస్తుంది. అయిదుగుర్ని పడగొడితే బాంబుల వాన. ఏడుగుర్ని పడగొడితే హెలికాప్టరే దిగుతుంది. మనిషి పరుగెత్తొచ్చు, దూకొచ్చు, పాకొచ్చు. అంతకుమించి విద్యలేమీ లేవు. అందుకని మేడకి ఎటునుంచి రావాలి, ఎప్పుడు రావాలి అన్నదే మొత్తం ఆట. మిమ్మల్ని కాల్చినవాడు పక్క కుర్చీలోనే కూచుని ఇకిలిస్తూ ఉంటాడు. ఓడినవాడు సమోసాలు కొనిపెట్టాలి. అది మా నెట్ సెంటరు రాజ్యాంగం.

తర్వాత మనవాళ్ళకి రెక్కలొచ్చాయి. 2014లో ‘అడ్వాన్స్‌డ్ వార్‌ఫేర్’. హాలీవుడ్ నటుడు కెవిన్ స్పేసీ ఇందులో పాత్రధారి. సైనికుల ఒంటికి యంత్రం తగిలించి గాల్లోకి గెంతించారు. 2015లో ‘బ్లాక్ ఆప్స్ 3’, గోడలమీద పరుగులు. 2016లో ‘ఇన్ఫినిట్ వార్‌ఫేర్’... ఏకంగా అంతరిక్షం! విలన్ కిట్ హారింగ్టన్. ఆ ఏడాది మే నెలలో దీని ట్రైలర్ యూట్యూబులో వదిలితే ‘నచ్చలేదు’ అన్నవాళ్ళే 30 లక్షలు దాటారు. విడుదలకి ముందే జనం ఇలా తిరగబడిన ట్రైలర్లు బహు తక్కువ.

ఇక్కడ నిర్మాతల తెలివి చూడండి. 2007 నాటి మోడరన్ వార్‌ఫేర్‌కే కొత్త మెరుగులు దిద్ది సిద్ధం చేశారు. కాని మొదట్లో దాన్ని విడిగా అమ్మలేదు. ఇన్ఫినిట్ వార్‌ఫేర్‌లో ఎక్కువ ఖరీదు ప్యాకింగు కొన్నవాళ్ళకే ఇచ్చారు. పాత సినిమా చూడాలంటే కొత్త సినిమా బాల్కనీ టిక్కెట్టు కూడా కొనాలన్నమాట! పోనీ ఆ పాతదాన్ని పాతదానిలా ఉంచారా? డిసెంబరు వచ్చేసరికి అందులోకి ‘సప్లై డ్రాప్’ పేరుతో లక్కీడిప్ పెట్టెలు దూర్చారు. ‘మాయాబజార్’ని 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. అప్పుడు ఘటోత్కచుడు భోజనం చేస్తుంటే మధ్యలో ఎవరూ లాటరీ టిక్కెట్లు అమ్మలేదే!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అంత తిట్లు తిన్న ఇన్ఫినిట్ వార్‌ఫేరే ఆ ఏడాది అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది. అయినా అనుకున్నంత రాలేదని యాక్టివిజన్‌వారే 2017లో ఒప్పుకుని, మళ్ళీ మొదటికి వెళతామన్నారు. వెళ్ళారు కూడా. ఆ నవంబరులో వచ్చిన ‘డబ్ల్యూ డబ్ల్యూ టూ’ మళ్ళీ రెండో ప్రపంచయుద్ధం కథే. ఎగరడాల్లేవు. కథాభాగంలో మందుపెట్టె కూడా తిరిగొచ్చింది. తీసింది ఎవరనుకున్నారు? 2014లో సైనికులకి గెంతడం నేర్పిన స్లెడ్జ్‌హామర్ సంస్థే! మొదటి మూడు రోజుల వసూళ్ళు 50 కోట్ల డాలర్లు దాటాయని కంపెనీ ప్రకటించింది.

ఇక్కడ ‘శుభం’ కార్డు పడాలి. పడలేదు. అసలు చిక్కు ఏమిటంటే, ‘పాత పద్ధతి’ అంటే ఏది?

మా పెదనాన్నగారి అబ్బాయి ఒకాయన ఉన్నాడు. ఆయనకి 2003 నాటిదే అసలు ఆట. చాటున నిలబడితే గాయం మానడమేమిట్రా, పిల్లచేష్టలు కాకపోతే అంటాడు. నాకేమో 2007. మా అక్కకొడుకుని అడిగితే వాడు చెప్పేది ఫోన్ ఆట. 2019 అక్టోబరులో ‘కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్’ వచ్చింది. మరుసటేడు పబ్‌జీ మన దేశంలో నిషేధమైనప్పుడు వీడూ వీడి క్లాసుమేట్లూ దాంట్లోకి చేరారు. తమాషా ఏమిటంటే అందులోనూ క్రాష్ మ్యాపు ఉంది. నేను కళ్ళనీళ్ళు పెట్టుకుని తలుచుకునే ఆ మేడ, ఆ కూలిన హెలికాప్టరు వీడికి అరచేతిలో ఉన్నాయి. ఏ కిటికీలోంచి ఏ సందు కనిపిస్తుందో నాకన్నా బాగా చెప్పగలడు. ఎవరికి వాళ్ళు పదహారేళ్ళప్పుడు ఆడిందే అసలైన ఆట అంటున్నారు. ఇంకోటి కూడా మరిచిపోకూడదు. 2007లో రెండో ప్రపంచయుద్ధమే కావాలని మంకుపట్టు పట్టినవాళ్ళ మాట విని ఉంటే నా మోడరన్ వార్‌ఫేరే పుట్టేది కాదు.

మరి పాతది వద్దా? నేనలా అనను. 2023 నవంబరులో జరిగింది చెబితే నా బాధ మీకు అర్థమవుతుంది.

నాతోపాటు ఆ నెట్ సెంటర్లో సమోసాలు తిన్నవాడొకడు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. కొత్త ‘మోడరన్ వార్‌ఫేర్ 3’ వస్తోందనీ, 2009 నాటి రెండో భాగంలోని 16 మ్యాపులూ అందులో ఉంటాయనీ తెలిసి వాడు అర్ధరాత్రి ఫోన్ చేశాడు. “ఒరేయ్, టెర్మినల్ వస్తోందిరా!” టెర్మినల్ అంటే ఓ విమానాశ్రయం. దాని ధర చూసి గుండె జారినా కొన్నాను. ఆదివారం ఇద్దరం దిగాం. అదే విమానాశ్రయం, అదే పుస్తకాల కొట్టు, అదే ఆగి ఉన్న విమానం. అయిదు నిమిషాలకి ఇద్దరం మాటలు మానేశాం. సెట్టు పాతదే, ఫైటు కొత్తది!

దీని కిటుకు చెబుతాను. ఇలాంటి మ్యాపు కట్టేవాడు గోడలతో కట్టడు, సెకన్లతో కడతాడు. రెండు పక్షాలూ చెరో మూల నుంచి బయల్దేరితే ఎన్ని సెకన్లకి ఎక్కడ ఎదురుపడాలి, ఒక కిటికీ ముందు నుంచి దాటేవాడు ఎంతసేపు కనబడాలి అన్న లెక్కమీదే తలుపులూ బల్లలూ పెడతాడు. 2009లో ఆ హాలు దాటాలంటే గుండె దడదడలాడేది. ఇప్పుడు జారుడు, ఆ జారుడు మధ్యలో ఆపి మళ్ళీ పరుగు... కన్ను మూసి తెరిచేలోగా అవతల ఉంటాడు. గోడలు తెచ్చారు, సెకన్లు తేలేదు. ఆ ఆట కథాభాగాన్ని విమర్శకులు ఉతికి ఆరేశారు. మా ఇద్దరికీ కథతో పనిలేదు. మాకు పోయింది టెర్మినల్.

అందుకని పాతదానికి వెళ్ళాలా అని నన్నడిగితే, మ్యాపులు మీ దగ్గరే ఉంచుకోండి, ఆ నెమ్మది తీసుకురండి అంటాను. కాని 2024లో వచ్చిన ‘బ్లాక్ ఆప్స్ 6’లో ఎటు కావాలంటే అటు జారొచ్చు, దూకొచ్చు. 2025 నవంబరులో వచ్చిన ఏడో భాగంలో గోడని తన్ని ఎగరొచ్చు. నన్ను చంపిన ఆగంతకుడు చేసింది అదే. బండి ఇంకా అటే వెళుతోంది.

పోటీవాళ్ళు మాత్రం ఇంకో పాఠం నేర్చుకున్నారు. ‘బాటిల్‌ఫీల్డ్’లో ఎప్పట్నుంచో ఒకడు దెబ్బ తగిలినవాణ్ణి లేపాలి, ఒకడు టాంకు బాగుచెయ్యాలి, ఎవడి పని వాడిది. 2021లో వచ్చిన ‘2042’లో అదంతా ఎత్తేసి, ఎవరికి వాళ్ళే హీరోలన్నారు. అందరూ హీరోలైతే కథ నడుస్తుందా? జనం ఛీకొట్టారు. 2023లో ఆ విభాగాలు మళ్ళీ పెట్టారు. 2025 అక్టోబరులో వచ్చిన ‘బాటిల్‌ఫీల్డ్ 6’ నాలుగు విభాగాల పాత పద్ధతిలోనే వచ్చింది. మూడు రోజుల్లో 70 లక్షల కాపీలు పోయాయి. ఆ ఆటకి పెద్దదిక్కుగా నిలిచిన విన్స్ జాంపెల్లా, 2003లో కాల్ ఆఫ్ డ్యూటీని పుట్టించిన ముగ్గురు నలుగురిలో ఒకడు! ఇది ఏ రచయితైనా రాస్తే నాటకీయంగా ఉందని కొట్టేసేవాళ్ళం.

కాల్ ఆఫ్ డ్యూటీవారు చేసిన ఒక పనికి మాత్రం నేను చప్పట్లు కొడతాను. ఈమధ్య ఏళ్ళలో ఆట అయిపోగానే గదిలోని జనాన్ని చెల్లాచెదరు చేసి, ఎవరి ఆటతీరుకి తగ్గవాళ్ళతో వాళ్ళని మళ్ళీ జతచేస్తున్నారు. మిమ్మల్ని చంపినవాడు ఎవడో మీకు మళ్ళీ కనపడడు. పగ తీర్చుకునే భాగ్యం లేదు! ‘బ్లాక్ ఆప్స్ 7’లో ఆ జల్లెడ చాలావరకు సడలించి, ఆట తర్వాత కూడా అదే జనం కలిసి ఉండేలా చేశారు. గోడలెక్కించే ఆటలోనే ఇది రావడం విడ్డూరం. గెస్టు ఆర్టిస్టుల గొడవ ఇంకోటుంది. 2023లో స్నూప్ డాగ్, నిక్కీ మినాజ్‌ల వేషాలు యుద్ధభూమిలో తుపాకులు పట్టుకు తిరిగాయి. ఐటమ్ సాంగ్ అనుకుని నేను సరిపెట్టుకున్నాను.

ఇక మళ్ళీ మా వాడి దగ్గరికొద్దాం. “మీ రోజుల్లో ఒకడు కిటికీ దగ్గర బిస్కెట్లు తింటూ కూచుంటే ఆట అయిపోయేదిటగా?” అన్నాడు. అదీ నిజమే. చచ్చినవాడు కూడా చేతిలోంచి బాంబు జార్చి మనల్ని చంపే ఏర్పాటు ఒకటి ఉండేది 2007లో. దాన్ని మేం తిట్టిన తిట్లు అచ్చులో వేయడానికి ఎడిటరుగారు ఒప్పుకోరు.

ఆ పాత ఆటని అభిమానులు ఇప్పటికీ తమ సర్వర్లమీద నడుపుతున్నారు. పోయిన ఆదివారం పొద్దున్న ఏడున్నరకి వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళాను. డల్లాస్‌వాడికి అది శనివారం రాత్రి. క్రాష్ మ్యాపు, వాడు అవతలి పక్షం. దిగగానే అలవాటుకొద్దీ నడివీధిలో పరుగెత్తాడు. మా డల్లాస్‌వాడు మేడమీంచి కొట్టాడు. మళ్ళీ పరుగు, మళ్ళీ చావు. “జారడం ఏదీ? ఈ మీట పనిచెయ్యట్లేదు!” అని గింజుకున్నాడు. నాలుగోసారికి అరుపులు ఆగిపోయాయి. పది నిమిషాలు వాడి నోట మాట లేదు. నేను మేడ మెట్లెక్కుతున్నాను. రెండో అంతస్తు మలుపులో, గోడచాటున, ఊపిరి బిగబట్టి ఎవడో కూచున్నాడు. వాడే!

చెవిలో డల్లాస్‌వాడు ఒకటే నవ్వు. “ఒరేయ్, అచ్చం నీలాగే కూచున్నాడురా!”

“మావయ్యా, సమోసా!” అన్నాడు పక్క కుర్చీలోంచి వీడు. రాజ్యాంగం సంగతి ముందే చెప్పి తప్పుచేశాను. పొద్దున్న ఎనిమిదింటికి మా వీధిలో సమోసాలు దొరకవు. ఇడ్లీ ఇప్పించాను.