వంటవాడికే వదిలేస్తే

హోటల్లో కూర్చోగానే సర్వరు మెనూ కార్డు తెచ్చి ముందు పెడతాడు. వంద రకాలుంటే పెద్ద హోటలు, పది రకాలుంటే చిన్న హోటలు అని మన లెక్క. జపాన్‌లో బాగా పేరుపడ్డ సుషీ హోటళ్ల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. చాలాచోట్ల అసలు కార్డే ఉండదు. ఎనిమిది పది మంది పట్టే చెక్క బల్ల, దానికి అవతల నిలబడి చేప కోస్తూ అన్నం అద్దే వంటవాడు, ఇవతల తినేవాళ్లు, అంతే. పొద్దున బజారులో ఏది బాగుంటే అది తెస్తాడు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదీ ఆయనే తేలుస్తాడు. ఒక్కో ముక్కా చేసి ఎదురుగా పెడతాడు. అంతా మీకే వదిలేశాం అని తినేవాళ్లు ముందే ఒప్పుకున్నట్టు. దీన్ని ఒమకసే అంటారు. పచ్చి చేపా, పదుల వేల యెన్ల బిల్లూ చూసి ఇది డబ్బున్నవాళ్ల వేషమని తీసిపారేయడం తేలిక. కానీ చేపనూ బిల్లునూ పక్కన పెడితే మిగిలేది వంటవాడి మీద బాధ్యత మోపే ఒక ఏర్పాటు. దానికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మనం అనుకున్నంత దూరంలో లేవు.

ముందు ఆ ఏర్పాటు ఎలా నడుస్తుందో చూడాలి. వంద రకాలు రాసుకున్న హోటలువాడు ఆ వందలో ఎవరు ఏది అడిగినా ఇవ్వగలగాలి. అందుకే మసాలా ముద్దలు వారానికి సరిపడా నూరి పెట్టుకుంటాడు, మాంసం గడ్డకట్టించి దాస్తాడు, అడగనివి పారేస్తాడు. ఒమకసే వంటవాడికి ఆ రాత్రి ఎంతమంది వస్తారో ముందే తెలుసు, ఏం పెడతాడో కూడా తెలుసు. టోక్యోలో అయితే తొయోసు చేపల మార్కెట్టుకు పోయి (2018 దాకా ఇది సుకీజీలో ఉండేది) లెక్కకు సరిపడా కొంటాడు. ఇక పని తీరు. చేతికి కాస్త వెనిగర్ నీళ్లు అద్దుకుని, ఒంటి వేడి మాత్రమే ఉన్న అన్నాన్ని వేళ్ల మధ్య రెండు మూడుసార్లు ఒత్తుతాడు. చేప ముక్క అడుగున ఘాటైన వసాబి చిటికెడు రాసి అన్నం మీద కూర్చోబెడతాడు. పైన సోయా రసాన్ని కుంచెతో పూస్తాడు. నోట్లో పెట్టగానే అన్నం విడిపోవాలి, అలాగని చేతిలో ఉండగా విడిపోకూడదు. అయిదు నిమిషాలు ఆగి తింటే ఆ మెత్తదనమూ లేదు, ఆ వెచ్చదనమూ లేదు. బల్ల చిన్నదిగా ఉండడం అందుకే. చేసే చేతికీ తినే నోటికీ మధ్య సర్వరు పది అడుగులు నడిచినా రుచి పోతుంది. పోతే ఎవరి తప్పో తినేవాడికి కళ్ల ముందే తెలిసిపోతుంది, ఆ భయమే వంటవాణ్ని సరిగ్గా ఉంచుతుంది. ఇందుకు పూర్తిగా ఎదురుదారి కూడా జపాన్‌దే. 1958లో ఒసాకాలో యోషియాకి షిరాయిషి అనే ఆయన బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద కదిలిపోవడం చూసి, సుషీ పళ్లేలను బెల్టు మీద తిప్పే హోటలు పెట్టాడు. నచ్చిన పళ్లెం లాక్కుని తినొచ్చు. చవక, సరదా. కానీ ఆ పళ్లెం ఎంతసేపటి నుంచి తిరుగుతోందో అడిగి తెలుసుకోవడానికి ఎదురుగా మనిషి ఉండడు.

సముద్రం మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంటే ఈ కబుర్లెందుకు అని ఎవరైనా అడగొచ్చు. సుషీ చరిత్ర చూస్తే ఈ ప్రశ్నకు అంత బలం కనిపించదు. సుషీ సముద్రపు ఒడ్డున పుట్టిన వంటకం కాదు. వరి మళ్లలో, వాగుల్లో దొరికిన చేపను ఉప్పు పట్టించి, అన్నంలో పాతరేసి నెలల తరబడి పులియబెట్టి దాచుకునే పద్ధతి దాని మూలం. అది ఆగ్నేయాసియాలో పుట్టిందని చరిత్రకారులు చెబుతారు. జపాన్‌లో బివా సరస్సు చుట్టుపక్కల మంచినీటి చేపతో చేసే ఫునజుషీ ఆ పాత పద్ధతికి ఇప్పటికీ మిగిలిన సాక్ష్యం. పులియబెట్టే తీరిక లేక తర్వాతివాళ్లు అన్నంలో వెనిగర్ కలిపారు. 1820ల నాటి ఎదో పట్నంలో, అంటే నేటి టోక్యోలో, హనాయా యోహేయి లాంటివాళ్లు చేతితో అద్దిన సుషీకి పేరు తెచ్చినప్పుడు ఐసు పెట్టె లేదు. అందుకే చేపను ఉప్పులో, వెనిగర్లో, సోయాలో నానబెట్టారు, లేదా ఉడికించారు. ఇవాళ టోక్యోలో వడ్డించే ట్యూనాలో చాలా భాగం మైనస్ 60 డిగ్రీల్లో గడ్డకట్టించి ఓడల్లో తెచ్చిందే. పచ్చిగా తినే చేపలో పురుగులు చావాలంటే మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు ఉంచాలని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ చెబుతుంది. ధర్మవరం చెరువులో పట్టిన చేపను మాత్రం పచ్చిగా ముట్టకూడదు, మంచినీటి చేపలో పరాన్నజీవుల బెడద ఎక్కువ. కాబట్టి ఇక్కడ పచ్చి చేప బల్ల పెట్టమని సలహా ఇవ్వను. దూరం వల్ల ఆగిపోయేది చేపే, పద్ధతి ఆగిపోదు.

ఆ పద్ధతి తోబుట్టువు పెనుకొండకు వచ్చి చాలా ఏళ్లయింది. 2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియా రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో, ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చింది. ఇంజినీర్ల వెనక విడిభాగాల కంపెనీలు, వాటి వెనక కొరియా వంటా వచ్చాయి. బెంగళూరు రోడ్డు మీద కొరియన్ అక్షరాల బోర్డులు వెలిశాయి. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని అయిన పెనుకొండకు బయటివాళ్లకు అన్నం పెట్టడం కొత్తేమీ కాదనుకోండి. కొరియా భోజనంలో మనం అడిగేది ఒక్కటే, ఏదో ఒక పులుసో, కాల్చిన మాంసమో. దాని చుట్టూ కిమ్చీ, మొలకలు, ఆకుకూర, ఎండు చేప అంటూ చిన్న గిన్నెలు అడక్కుండానే వస్తాయి. వీటిని బాంచాన్ అంటారు. ఆ రోజు ఏ గిన్నెలో ఏముండాలో వంటింటివాళ్ల ఇష్టం, ఖాళీ అయితే మళ్లీ నింపుతారు. ఒమకసేలో పూర్తిగా వంటవాడిదైన నిర్ణయం ఇక్కడ సగం తినేవాడిది.

మరి మన సంగటి మెస్సు? హిందూపురం మార్కెట్టుకు చింతపండు తెచ్చిన రైతు గానీ, ధర్మవరానికి పట్టుచీరలు కొనడానికొచ్చిన వ్యాపారి గానీ మెస్సులో కూర్చుని కార్డు అడగడు. ‘ఈరోజు ఏముందక్కా?’ అని అడుగుతాడు. జవాబు ఆ అక్క నోట్లోనే ఉంటుంది. సంగటి కూడా సుషీలాగే గడియారం చూసి తినాల్సిన పదార్థం. ఉడికే అన్నం మీద రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, కట్టెతో ఉండలు లేకుండా కెలికి, తడిచేత్తో ముద్ద చేసి వేడిగా పళ్లెంలో పెడితే మధ్యలో గుంట చేసి ఉలవచారో, పులుసో పోసుకోవచ్చు. చల్లారితే పైన పొర కట్టి గట్టిపడుతుంది. మెస్సూ ఒమకసే లాంటిదే అనడానికి ఇంకా బలమైన ఆధారం కాలానుగుణంగా వచ్చే సరుకు. చలికాలంలో అనపకాయలు దిగుతాయి. గింజలు నానబెట్టి పొట్టు పితికి చేసే పితికిపప్పు కూర కొన్ని వారాల ముచ్చటే. వేసవి మొదట్లో చింతచిగురు, అదీ నాలుగు రోజులే. పచ్చి చెనిక్కాయలు పెరికినప్పుడు ఉడకబెట్టుకు తినాల్సిందే. ఏడాది పొడవునా మారని అచ్చు కార్డులో వీటికి చోటుండదు. అందుకే రోడ్డు పక్క పెద్ద హోటళ్లలో ఏ నెలలో వెళ్లినా అదే పనీరు, అదే గోబీ మంచూరియా. ఊరి రుచి ఊళ్లోనే దొరక్కపోవడానికి జనం అభిరుచి మారడం ఒక కారణమే. కార్డు అచ్చువేసే అలవాటు అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం.

మెస్సుకు లేనిదీ ఉంది. అక్క నిర్ణయిస్తుంది గానీ అందరికీ ఒకే పళ్లెం ఒకేసారి పెడుతుంది. ఎదురుగా నిలబడి, మనిషిని చూసి, ఒకదాని తర్వాత ఒకటి అందించడం ఒమకసే దగ్గర నేర్చుకోదగ్గ పని. ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది. శనివారం నీచు ముట్టనివాళ్లు, కార్తీకమాసంలో ఉల్లి వెల్లుల్లి మానేసేవాళ్లు, షుగరున్నవాళ్లు ఉన్న మన దగ్గర ఎంపికను వంటవాడికి ఎలా వదిలేస్తారు? జపాన్‌లో బల్ల దగ్గర కూర్చోబెట్టే ముందే ఏవి తినరని అడుగుతారు. వద్దనే హక్కు తినేవాడి దగ్గరే ఉంటుంది, ఏది కావాలో ఎంచే పని మాత్రమే చేతులు మారుతుంది. మన పెళ్లి వంటలో వంటమాస్టరుకు ఈ రెండూ కలిపి అప్పగించడానికి వెనకాడనివాళ్లం మనం. నిజంగా భయపడాల్సింది ఇంకొకటి. గది చిన్నదయ్యే కొద్దీ లోపలికి ఎవరు రావాలో తేల్చే అధికారం పెరుగుతుంది. టోక్యోలో జిరో ఓనో అనే సుషీ వంటవాడి పది సీట్ల హోటలుకు 2007లో మిషెలిన్ హోటళ్ల గైడు మూడు నక్షత్రాలిచ్చింది. మామూలు జనానికి సీటు దొరకదన్న కారణంతోనే 2020 సంచికలో ఆ గైడు దాన్ని వదిలేసింది. రెండు గ్లాసుల పద్ధతి చూసిన నేల మీద ‘మావాళ్లకే’ అనే బల్ల పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. ఫోను వచ్చిన వరసలో ఎవరికైనా సీటు ఇవ్వాలన్న నియమం లేకపోతే ఈ ఏర్పాటు పెట్టకపోవడమే మేలు.

చివరి అభ్యంతరం ధర. టోక్యోలో బిల్లు పెరిగేది ట్యూనా వల్ల, నగరం నడిబొడ్డున అద్దె వల్ల, ఏళ్ల తరబడి నేర్చిన చేతి వల్ల. రాగిపిండి, అనపగింజలు, చెనిక్కాయల పొడి, నాటుకోడి పెట్టుకుని ఎనిమిది మందికి వండితే అంత ఖర్చు రాదు, లెక్క ముందే తెలుస్తుంది కాబట్టి వృథా కూడా తగ్గుతుంది. అలాగని రోజూ నడిచే మెస్సును మూసి బల్ల పెట్టాల్సిన పనిలేదు. వారంలో ఒక రాత్రి, ఫ్యాక్టరీ షిఫ్టు దిగే వేళ చూసుకుని, వంటగది గోడకు ఆనించి ఒక పొడుగు బల్ల వేస్తే సరిపోతుంది. ధర ఒక్కటే, ముందే చెప్పాలి. ఫోనులో అడగాల్సినవి రెండు: ఎంతమంది వస్తున్నారు, ఏం తినరు.